నీడలో వాటాలు

ఆయన చనిపోయిన వార్త నాకు రెండుసార్లు వచ్చింది. మొదట కింది ఫ్లాటు యూసుఫ్ భాయ్ వచ్చి, జగిత్యాల దగ్గర వాళ్ళ ఊళ్ళో మంగళవారం పోయాడట అని చెప్పాడు. రెండు రోజుల తర్వాత, ఆయనతో కలిసి పనిచేసిన ఒకతను బఖాలా కొట్టులో పాలు కొంటూ కనబడి, మంగళవారం ఆసుపత్రిలో చేర్చారనీ పోయింది గురువారమనీ అన్నాడు. తెలిసినవాళ్ళు ఎప్పుడు పోయారో గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవడం నాకు అలవాటు. ఇద్దరినీ మళ్ళీ అడిగాను. ఇద్దరూ మాట మార్చలేదు. చివరికి రెండు గళ్ళలోనూ ఆయన పేరులోని మొదటి అక్షరం రాసి, రెండింటి పక్కనా ప్రశ్న గుర్తు పెట్టాను. ఇంత తేలని తేదీ నా క్యాలెండర్లో మరొకటి లేదు. అయినా ఆయన విషయంలో అది నాకు వింతగా తోచలేదు. ఒక రోజు కుదరకపోతే ఇంకోటి ఉండనీ అని తనే ఏర్పాటు చేసుకుని ఉంటాడనిపించింది.

పేరు రాయను. మా భవనంలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. డాబా మీది గదిలో ఉండేవాడు కాబట్టి పైనాయన అనేవాళ్ళం. అల్ ఖోబార్‌లో, అల్ అజీజియా పేటలో మాది మూడంతస్తుల ఇల్లు. అంతస్తుకు రెండు ఫ్లాట్లు, డాబా మీద ఆ ఒక్క గది. నేను ఇక్కడి భారతీయ పాఠశాలలో లెక్కలు చెప్పి విరమించి, పళ్ళ డాక్టరయిన మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఆయన ఒక మెయింటెనెన్స్ కంపెనీలో పైపుల గోడౌన్ చూసుకునేవాడు. కంపెనీ బస్సులో వెళ్ళి కంపెనీ బస్సులో వచ్చేవాడు. కారు లేదు. ఈ సంగతి ముందే చెప్పడం అవసరం.

ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట, "ఎందుకైన మంచిది." ఆ మాట కోసం రెండు చేతులకూ రెండు గడియారాలు పెట్టుకునేవాడు. ఒకటి ఇండియా టైము కోసమేమో అనుకున్నాను. కాదు, రెండూ ఇక్కడి టైమే. ఒకటి ఆగిపోతే ఇంకోటి ఉండాలి. అవి రెండూ ఎన్నడూ కలిసేవి కావు. టైమెంతని అడిగితే రెండూ చూసి, కూడి, సగం చేసి చెప్పేవాడు. రెండూ తప్పయితే ఏం చేస్తారని ఒకసారి అడిగాను. ఆ మాటకు వారం రోజులు నాతో ముభావంగా ఉన్నాడు.

భోజనానికి పిలిస్తే గదిలో తిని వచ్చేవాడు, వంట చాలకపోతే మేం ఇబ్బంది పడకూడదని. ఖాళీ టిఫిన్ డబ్బా కూడా తెచ్చేవాడు, మిగిలిపోతే మేం ఇబ్బంది పడకూడదని. చెప్పుల్లో ఒకటి మా గుమ్మం ముందు విడిచి, రెండోది మెట్ల మలుపు దగ్గర విడిచేవాడు. గుడికి వెళ్ళినప్పుడు మనవాళ్ళు కొందరు చేసే పనే. కానీ ఈ భవనంలో చెప్పులెత్తుకుపోయేవాళ్ళు ఎవరున్నారని అడిగితే, ఇప్పటిదాకా లేరని ఒప్పుకున్నాడు. ఎదురు ఫ్లాటు షమీమ్ కారు కొనేటప్పుడు తెలుపా, బూడిద రంగా అని సలహా అడిగితే, తెల్లది కొని బూడిద రంగు కవరు కప్పమన్నాడు. ఆమె అలాగే చేసింది కూడా.

డాబా మీద నీళ్ళ ట్యాంకుల పక్కన, సగానికి కోసిన నీలం డ్రమ్ములో ఆయన కరివేపాకు చెట్టు ఉండేది. ఇక్కడికి చాలా దూరాన హాయిల్ పట్నంలో కూరగాయల తోటలో పనిచేసే వాళ్ళ ఊరివాడు ఇచ్చిన మొక్క అది. ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. దారిలో బస్సు చెడిపోతే ఎలాగని రెండు బస్సులకు టిక్కెట్లు తీసుకున్నాడు. ఒక బస్సే ఎక్కినా, రెండోది వెనక వస్తోందా లేదా అని దారి పొడుగునా తిరిగి చూస్తూనే ఉన్నాడట. నాకు తెలిసేనాటికి ఆ మొక్క మనిషెత్తు చెట్టయింది. ఆరు వంటిళ్ళ పోపులూ దాని మీదే నడిచేవి. ఎవరైనా కోసుకోవచ్చు. ఒకే కొమ్మ నుంచి రెండు రెమ్మలు మాత్రం కోయకూడదు.

జూన్ వచ్చిందంటే ఇక్కడ డాబా పెనంలా కాలుతుంది. నేను చెప్పబోయే ఏడాదికి ముందటి వేసవిలో ఆ చెట్టు ఆకంతా మాడిపోయి కర్రలా నిలబడింది. ఆయన తన లుంగీ తడిపి దానికి చుట్టి తిరిగాడు. గదిలో ఏసీ కింద పెడితే ఉన్న నాలుగు ఈనెలూ పాలిపోయాయి. మళ్ళీ బయటపెట్టాడు. చలికాలంలో ఎలాగో చిగురు వేసింది గానీ, ఇంకో వేసవి తట్టుకోదని చూసినవాళ్ళందరూ అన్నారు. మా ఫ్లాట్లకు బాల్కనీలు లేవు. కింద నడవలో ఒక్క బకెట్టు కూడా కనబడకూడదని ఇంటి ఓనరు ఆజ్ఞ. ఇక నీడన్నది ఒక్కచోటే ఉంది.

అది గేటు పక్కన ఓనరు వేయించిన రేకుల షెడ్డు. ఒకే బండి పడుతుంది. బండి పెట్టాక తలుపు తీయడానికి చోటు మిగులుతుందంతే. ఎవరిదో మీలో మీరే తేల్చుకోండని ఓనరు వెళ్ళిపోయాడు. ఇక్కడి ఎండలో బయట నిలిపిన కారు స్టీరింగును తువ్వాలు చుట్టి పట్టుకోవాలి. ముందొచ్చినవాళ్ళదే నీడ అనుకున్నాం. దాంతో ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. యూసుఫ్ భాయ్‌కి అజీజియా బజారులో ఫోన్ కవర్ల దుకాణం. షెడ్డులో చోటు పోతుందని తన పికప్ తీయకుండా దుకాణానికి నడిచిపోయేవాడు. మా అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి కాఫీ తాగేది, షెడ్డు ఖాళీ అయితే పరుగెత్తడానికి.

ఫుట్‌బాల్‌తో తేల్చుకుందామన్నది షమీమ్. కడప పిల్ల, ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉద్యోగం. ఆడవాళ్ళను స్టేడియంలోకి రానిచ్చినప్పటి నుంచి దమ్మాంలో ఏ ఆట జరిగినా మెడకు మఫ్లర్ చుట్టుకుని బయలుదేరేది. నియమాలు ఆమె చెప్పింది. నేను రాసి గేటు లోపల అతికించాను. ప్రతి వారం ప్రతి ఇల్లూ, ఆ వారం గెలుస్తుందనుకున్న జట్టు ఒకదాన్ని చెప్పాలి. అది గెలిస్తే ఆ ఇల్లు పోటీలో ఉంటుంది. ఓడినా, ఆట సమానంగా ముగిసినా బయటికి. ఒకసారి చెప్పిన జట్టును మళ్ళీ చెప్పకూడదు. చివరికి మిగిలిన ఒక్కరికి షెడ్డు ఏడాదిపాటు సొంతం. మిగిలినవాళ్ళంతా ఒకేసారి పడిపోతే పోటీ రద్దు, మళ్ళీ ముందొచ్చినవాళ్ళదే నీడ. డబ్బు పెట్టడం లేదు కాబట్టి ఇది జూదం కాదని యూసుఫ్ భాయ్ పెద్దల్ని అడిగి వచ్చాకే మొదలుపెట్టాం.

మా అమ్మాయి చొక్కాల రంగు నచ్చి ఒక జట్టును చెప్పి మొదటి వారమే బయటికి వచ్చింది. ఇక నాకు ఏ పక్షమూ లేదు కాబట్టి నన్నే తీర్పరిని చేశారు. పైనాయన కూడా పేరిస్తానన్నప్పుడు, కారు లేని మనిషికి షెడ్డెందుకని యూసుఫ్ భాయ్ అభ్యంతరం చెప్పాడు. నియమంలో ఇల్లు అని ఉంది, కారు అని లేదు. అదే చెప్పాను. షెడ్డులో ఏం పెడతావని అడిగితే, చెట్టు పెడతానన్నాడు. అందరూ నవ్వారు. ఆ సాయంత్రం అందరూ అదే చెట్టు నుంచి రెమ్మలు కోసుకుని దిగారు.

ఆయనకు ఫుట్‌బాల్ తెలియదు. బంతి చేత్తో పట్టుకున్న గోలీని చూసి, అతనొక్కణ్ణి ఎందుకు ఏమీ అనడం లేదని షమీమ్‌ను అడిగాడు. కానీ వారాలు గడుస్తున్నకొద్దీ ఫ్లాట్లు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి, ఆయన రాలడు. దాని వెనక ఒక పద్ధతి ఉంది. ఎవరు గెలుస్తారని ఎవరినీ అడిగేవాడు కాదు. గోడౌన్‌లో, బస్సులో, మంగలి దుకాణంలో ఒక్కో జట్టు అభిమానినీ పట్టుకుని, ఈ వారం నీకు ఎవరంటే భయం అని అడిగేవాడు. ఎక్కువమంది భయపడుతున్న జట్లలో కొంచెం తక్కువ పేరున్న జట్టును చెప్పేవాడు. పెద్ద జట్లను ముట్టుకోలేదు. దొడ్డు బియ్యం ముందు వండుకుని సన్నబియ్యం పండక్కి దాచుకున్నట్టు దాచాడు. షమీమ్ తనకిష్టమైన పెద్ద జట్లన్నీ మొదటి నెలల్లోనే చెప్పేసింది, అభిమానం ఆపుకోలేక.

లీగ్ చివరికొచ్చేసరికి ముగ్గురే మిగిలారు. యూసుఫ్ భాయ్, షమీమ్, పైనాయన. ఇంకా రెండు వారాల ఆటలున్నాయి. ముగ్గురిలో ఒక్క పైనాయన దగ్గరే దేశంలో అందరికన్నా బలమైన నీలం జట్టు వాడకుండా ఉంది. ఇంకొకరైతే కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళు. ఆయన ముందు జాగ్రత్త మొదలుపెట్టాడు.

ఒక శుక్రవారం పొద్దున షమీమ్‌ను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వాళ్ళిద్దరిలో ఎవరు గెలిచినా రెండోవాళ్ళకు సగం ఇచ్చుకోవాలని ఒప్పందం, నేను సాక్షి. షమీమ్ పగలు ఆసుపత్రిలో ఉంటుంది, సాయంత్రం నాలుగింటికి వస్తుంది. కాబట్టి సాయంత్రం నుంచి తెల్లారేదాకా షెడ్డు ఆమె కారుది, పగలు ఆయన చెట్టుది. బాగానే ఉంది. అదే రోజు మధ్యాహ్నం, అస్ర్ నమాజు తర్వాత యూసుఫ్ భాయ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. దుకాణం పొద్దున పూట భాగస్వామి చూసుకుంటాడు. యూసుఫ్ భాయ్ మధ్యాహ్నం మూడున్నరకు బయలుదేరుతాడు. కాబట్టి వాళ్ళిద్దరిలో ఎవరు గెలిచినా పగలు పికప్‌ది, సాయంత్రం చెట్టుది. దీనికీ నేనే సాక్షి. ఇదీ బాగానే ఉంది.

విడివిడిగా రెండూ బాగున్నాయి. వాళ్ళు వెళ్ళాక రెండూ కలిపి చూశాను. షమీమ్ గెలిస్తే ఆయనకు సగం. యూసుఫ్ భాయ్ గెలిస్తే ఆయనకు సగం. ఆయనే గెలిస్తే పగలు ఒకరికి, సాయంత్రం ఇంకొకరికి. ఓటమికి అన్ని వైపులా కంచె వేసుకున్నాడు, తన గెలుపు తప్ప.

తీర్పరి ఇలాంటివి చెప్పకూడదని ఆ రెండు వారాల్లో మొదటిది గడిచేదాకా ఊరుకున్నాను. ఆ వారం యూసుఫ్ భాయ్ జట్టు ఓడింది. ఇక ఇద్దరే. మర్నాడు మెట్ల మీద ఎదురుపడితే ఉండబట్టలేక, యూసుఫ్ భాయ్‌కిచ్చిన మాట ఇంకా ఉందా అని అడిగాను.

"ఉంటది గద టీచరమ్మా. ఆయన ఓడిండు. నేను గెలిస్తె పగటి పూట ఆయనదే."

"షమీమ్‌కి సాయంత్రం?"

"గెలిస్తె ఇయ్యాలె."

"మరి మీరు గెలిస్తే చెట్టుకు ఏ పూట?"

ఆయన ముందు కుడి చేతి గడియారం చూశాడు, తర్వాత ఎడమ చేతిది. మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు చేతులు తిప్పుకుంటూ, ఒక అరచేయి యూసుఫ్ భాయ్ అన్నట్టు, ఒక అరచేయి షమీమ్ అన్నట్టు పెట్టి చూసుకున్నాడు. మూడో చేయి లేదు.

"ఓడితె సగం," అన్నాడు. "గెలిస్తె ఏం లేదు."

ఒకరి దగ్గర మాట వెనక్కి తీసుకోమన్నాను. నేను సాక్షిని కదా, ఒప్పిస్తానన్నాను.

"నేను ఎన్కకు దీస్కుంటే, రేపు వాళ్ళు గూడ దీస్కుంటరు. ఓడుడే మంచిది టీచరమ్మా. ఓడుడు మన చేతుల ఉంటది."

చివరి వారం నీలం జట్టు చాలా బలహీనమైన జట్టుతో ఆడుతోంది. పైనాయన నీలం జట్టును పక్కనబెట్టి హాయిల్ జట్టు పేరు చెప్పాడు. అది పట్టికలో అడుగున ఉంది. ఎదుటిది పసుపు జట్టు. సంగతి గేటు దగ్గర అతికించిన గంటకు యూసుఫ్ భాయ్ సేమ్యా పాయసం గిన్నెతో డాబా ఎక్కాడు. ఆయన గెలిస్తేనే తనకు పగటి నీడ. నిజానికి భవనంలో పైనాయన గెలవాలని మనసారా కోరుకున్నవాడు అతనొక్కడే.

"చాచా, పాగల్ అయినవా? నీలం టీమ్ చేతిల పెట్టుకొని హాయిల్ అంటవేంది?"

మొక్క ఇచ్చిన ఊరు, అభిమానం ఉండదా అన్నాడట. పాయసం మాత్రం తిన్నాడు. సగం దాచుకున్నాడు కూడా.

తను ఓడితే చాలదు, షమీమ్ గెలవాలి. ఇద్దరూ పడిపోతే పోటీయే రద్దు. షమీమ్ దగ్గర మిగిలినవన్నీ బక్క జట్లు. అందుకని ఆయన బస్సులోనూ మంగలి దుకాణంలోనూ పోగుచేసిన భయాలన్నీ మోసుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. తలుపులు తీసి ఉంటే నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఈ జట్టు గోలీకి భుజం నొప్పి అనీ, ఆ జట్టు కోచ్‌కి ఇంట్లో గొడవలనీ ఆయన ఒక్కొక్కటే చెప్తుంటే షమీమ్ చాయ్ పక్కన పెట్టేసింది.

"చిన్నాయనా, నువ్వు నా మీద ఆడతాండావా, నా తట్టు ఆడతాండావా?"

"నువ్వు గెలవాలె బిడ్డా."

"మరి నువ్వు?"

"నేను ఓడాలె."

"ఓడాలని ఉంటే పేరు తీసేయమను టీచరమ్మను. ఈ కష్టమంతా యాలా?"

"పేరు దీస్తె ఓడినట్టు గాదు బిడ్డా, మానుకున్నట్టయితది. ఓడినోనికే సగం అని మాట్లాడ్కున్నం."

షమీమ్ నా వైపు చూసింది. ఆయన చెప్పింది నిజమేనని తలూపాను. ఆమెకైతే ఎటొచ్చినా బెంగ లేదు. తను గెలిచినా సాయంత్రమే, ఆయన గెలిచినా సాయంత్రమే. అయినా ఫుట్‌బాల్ అంటే ప్రాణం కాబట్టి నిజంగా గెలవాలనే ఆలోచించి, ఇద్దరూ కలిసి ఆకుపచ్చ చొక్కాల చిన్న జట్టును ఎంచారు.

గురువారం ఆ జట్టు ఒక్క గోలూ వేయలేదు, వేయనివ్వలేదు. ఆట సమానం. షమీమ్ పడిపోయింది.

ఇక మిగిలింది శుక్రవారం ఆట. హాయిల్ ఓడితే ఇద్దరూ పడినట్టు, పోటీ రద్దు, కారు లేనివాడికి నీడ లేదు. హాయిల్ గెలిస్తే షెడ్డు ఆయనది, అంటే యూసుఫ్ భాయ్‌దీ షమీమ్‌దీ. ఆ భవనంలో ఆ ఆట ఎటుపోయినా ఏమీ రానివాడు పోటీలో మిగిలిన ఆ ఒక్కడే.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక అందరం యూసుఫ్ భాయ్ ఇంట్లో చేరాం, అక్కడ టీవీ పెద్దది. పైనాయన తిని వచ్చాడు. ఒక చెప్పు గుమ్మంలో, ఒకటి మెట్ల దగ్గర. యూసుఫ్ భాయ్, షమీమ్ ముందు వరుసలో కూర్చుని హాయిల్ ఆటగాళ్ళ పేర్లు అప్పుడే నేర్చుకుంటున్నారు. నిన్నటిదాకా ఆ జట్టును గాడిదలన్న నోళ్ళే. పసుపు జట్టు మొదటి గోలు వేసినప్పుడు ఇద్దరూ మూలిగారు. పైనాయన టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు. సగం ఆట అయ్యాక హాయిల్ ఒకటి కొట్టింది. ఆ తర్వాత ఎవరికీ గోలు పడలేదు. ఆట ముగిసే సమయం దాటి, అదనంగా ఇచ్చిన నిమిషాల్లో, బంతి ఎవరి మోకాలికో తగిలి, స్తంభానికి తగిలి, నింపాదిగా పసుపు జట్టు గోలు గీత దాటింది. హాయిల్ కుర్రాళ్ళకే నమ్మకం కుదరక కొంతసేపు రిఫరీ వైపు చూశారు.

యూసుఫ్ భాయ్ భార్యా షమీమ్ కావలించుకున్నారు. యూసుఫ్ భాయ్ పైనాయన రెండు చేతులూ పట్టుకుని ఊపాడు, గడియారాలతో సహా. ఆయన నన్ను వెతుక్కున్నాడు.

"గెలిచిన్నా టీచరమ్మా?"

"గెలిచారు."

"ఏమొచ్చింది?"

"సున్నా."

తన లెక్కతో నా లెక్క సరిపోయిందన్నట్టు తలాడించి, డబ్బా మూత తీసి బిర్యానీ పెట్టించుకున్నాడు.

రెండు మాటలూ నిలబెట్టుకున్నాడు. పగలు పికప్, సాయంత్రం తెల్ల కారు. వాళ్ళిద్దరికీ ఆ చెట్టు సంగతి గుర్తులేక కాదు. షెడ్డులో బండి ఉన్నాక డ్రమ్ము పట్టదు. మే నెల చివరికొచ్చేసరికి కొనల్లో ఆకు పసుపెక్కింది. ఆయన లుంగీ తడపడం మొదలుపెట్టాడు. మేం రెమ్మలు కోయడం మానేశాం. కోసినా మానినా ఒకటే అన్న దశకు వచ్చింది.

అప్పుడు యూసుఫ్ భాయ్‌ను ఒక మాట అడిగాడు. షెడ్డు నీది, కాదనను. కానీ పికప్ వెనక తొట్టి ఖాళీగానే ఉంటుంది కదా, బండి నీడలో నిలిచి ఉన్నంతసేపూ చెట్టును అందులో నిలబెట్టనిస్తావా అని. యూసుఫ్ భాయ్ ఇందులో మెలిక ఎక్కడుందోనని ఒక రోజంతా ఆలోచించి, దొరక్క సరేనన్నాడు. నలుగురు పట్టి డ్రమ్మును దించి తొట్టిలోకి ఎక్కించారు. మూడున్నరకు బండి తీసేముందు యూసుఫ్ భాయ్ ఇద్దరిని పిలిచి దాన్ని గోడ పక్కకు దించాలి. అదీ ఏర్పాటు.

మొదటి రోజే యూసుఫ్ భాయ్ మరిచిపోయాడు.

ఆ సమయానికి పైనాయన కంపెనీ బస్సులో తిరిగొస్తున్నాడు. సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. రోడ్డుకు అవతలి వైపు, ఎదురుగా, తన కరివేపాకు చెట్టు బజారుకు వెళ్తూ కనబడింది. బస్సులో లేచి నిలబడి, గాడీ రోకో అని అరిచాడట. డ్రైవరు పెషావర్ మనిషి. గాడీ ఆగే ఉంది, ఇంకెంత ఆపమంటావని అడిగాడట. ఇంటి గేటు దగ్గర దిగేసరికి షమీమ్ అప్పుడే కారు షెడ్డులో పెడుతోంది, నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన మాట ఎవరికీ అర్థం కాలేదు గానీ మొహం చూసి ఇద్దరం ఆయనతో కారెక్కాం.

దుకాణం ముందు వెడల్పాటి పందిరి ఉంది. దాని కింద పికప్, పికప్‌లో చెట్టు. దుకాణం ఏసీ నుంచి కారే నీళ్ళు ఒక్కొక్క చుక్కే సరిగ్గా డ్రమ్ములో పడుతున్నాయి. మనవాళ్ళు ముగ్గురు నలుగురు చుట్టూ నిలబడి ఆకు నలిపి వాసన చూస్తున్నారు. ఒకతను వాళ్ళావిడకు ఫోన్ చేసి చెట్టును చూపిస్తున్నాడు. యూసుఫ్ భాయ్ మమ్మల్ని చూశాక గానీ తను తెచ్చినదేమిటో చూసుకోలేదు. మాఫ్ చేయి చాచా, ఇప్పుడే దించేస్తా అన్నాడు.

పైనాయన పందిరి చూశాడు, నీటి చుక్క చూశాడు. డ్రమ్ములో మట్టి వేలితో తడిమాడు. పసుపెక్కిన ఆకు ఒకటి తుంచి జేబులో వేసుకున్నాడు.

"ఉండనియ్," అన్నాడు. "మళ్ళ పొద్దున షెడ్డుకు తోల్కరా. ఎందుకైన మంచిది."

ఆ వేసవంతా అలాగే నడిచింది. పగలు పికప్‌తో పాటు షెడ్డులో, సాయంత్రం దుకాణం పందిరి కింద, చీకటి పడి దుకాణం మూశాక పికప్‌తో పాటు ఇంటి బయట. చెట్టుకు కావలసిన కాస్త ఎండ దారిలో తగిలేది. ఆగస్టులో అది ఎన్నడూ లేనంత ఆకు వేసింది. నేను గెలుపు రోజున చెప్పిన సున్నాను మళ్ళీ మళ్ళీ వేసి చూశాను. ఎన్నిసార్లు వేసినా సున్నాయే వస్తోంది. చెట్టు మాత్రం పొద్దున్నించీ రాత్రిదాకా నీడలోనే ఉంది.

ఒకరోజు మా అమ్మాయితో వెళ్తూ ఆ సిగ్నల్ దగ్గర ఆగాను. కంపెనీ బస్సు మా పక్కనే ఉంది. ఎదుటి నుంచి పికప్ వచ్చింది, తొట్టిలో చెట్టు గాలికి ఊగుతూ. బస్సు కిటికీలో పైనాయన లేచి నిలబడి, చెయ్యెత్తి చెట్టును పలకరించాడు. ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమది. రోజూ ఇదేనట. యూసుఫ్ భాయ్ తననే అనుకుని, రోజూ చెయ్యెత్తేవాడు.